తుపాకికి వార్ధక్యము లేదు

మనుష్యునకు ఎనుబదియేండ్లు నిండినచో చేయి వణకును, చూపు మందగించును. ఎద్దు ముసలిదైనచో కాడికి పనికిరాదు. తాళపత్రమును పురుగు తినును. కావున "పాతది" యను మాట చెవిని బడినంతనే మనకొక దయయు, దానితోడనే యొక నిర్భయత్వమును గలుగుచున్నవి. ఈ యలవాటు చేతనే కాబోలు, రెండవ ప్రపంచయుద్ధమునకై చేసిన తుపాకిని ఒక గృహస్థుడు తన కూర్చుండు గదిలో గోడకు దగిలించి, దానిని పురావస్తువని పిలుచుచు, దాని క్రిందనే బిడ్డలను ఆడుకొననిచ్చుచున్నాడు. నాకు జగడము తుపాకితో లేదు. ఈ "పురావస్తు"వను మాటతో నున్నది. ఉక్కునకు వయస్సు రాదు. 1944లో ఏ బలముతో గుండు వెడలెనో, మీటను నొక్కినచో నేటికిని ఆ బలముతోనే వెడలును. ముసలిదైనది దానిని గూర్చిన కథ మాత్రమే.

తెలుగుదేశపు బడిపంతులునకు ఈ ప్రసంగమేల యని చదువరు లడుగవచ్చును. మన దేశమున 1959వ సంవత్సరపు ఆయుధచట్టము క్రింద 303 బోరు వంటి సైనికపు రైఫిళ్లు నిషిద్ధముల లెక్కలోనివి. మన యిండ్లలో అట్టివి సామాన్యముగా నుండవు. నిజమే. కాని నేడు మన పట్టణములలో ఏ వీధినైనను చూడుడు: కొడుకో, కూతురో, అల్లుడో అమెరికాలో లేని యిల్లు వెదకవలసి యున్నది. అచ్చటి గోడలమీద నున్నది మన గోడలమీద నున్నట్లే. మా చెల్లెలును బావగారును ఒహాయో రాష్ట్రమున ఇరువది యేండ్లనుండి కాపురమున్నారు. ఆ దేశపు పౌరులైనారు. 2023వ సంవత్సరమున వేసవిసెలవులలో నేను వారి యింట రెండునెలలుంటిని. పొయ్యిగూటి పైని రెండు కొయ్యమేకులమీద ఆ తుపాకిని చూచితిని. దాని క్రింది పలకమీద ఎనిమిది ఇత్తడి తూటాలను ఒక ఉక్కుక్లిప్పులో కూర్చి, అలంకారమునకై యుంచిరి. మన యిండ్లలో కొండపల్లి బొమ్మల నుంచినట్లు!

ఆ తుపాకి పేరు ఎమ్-వన్ గారండ్. దానిని నిర్మించిన జాన్ గారండ్ 1888లో కెనడాలోని క్విబెక్ ప్రాంతమున బుట్టి, అమెరికాకు వచ్చి, మసాచుసెట్స్ రాష్ట్రపు స్ప్రింగ్ఫీల్డ్ ఆయుధశాలలో ఏండ్లతరబడి పాటుపడి దీనిని సిద్ధపఱచెను. 1936లో అమెరికా సైన్యము దీనిని స్వీకరించెను. అంతకుముందు సిపాయి ఒక్కొక్క గుండు పేల్చిన పిమ్మట చేతితో బోల్టును వెనుకకు లాగి ముందునకు త్రోయవలసి యుండెడిది. గారండ్ తుపాకిలో ఆ పనిని గుండువెంట వచ్చు వాయువే చేయును. గొట్టపు కొనకు సమీపమున నొక సన్నని రంధ్రము గలదు. గుండు దానిని దాటగనే వాయువు కొంత ఆ రంధ్రమున దిగి, ఒక పొడవైన కడ్డీని వెనుకకు దన్నును. కడ్డీ బోల్టును త్రిప్పి తెఱచును. కాలిన తూటా యొడలు ఎగిరిపడును. క్రొత్త తూటా గదిలో జొరబడును. మీటను మరల నొక్కుటయే మిగిలిన పని. ఇట్లు ఎనిమిది మారులు. ఎనిమిదవది పేలగనే ఖాళీక్లిప్పు టంగున బయటికి దుముకును, బోల్టు తెఱచియే నిలుచును. ఒక్కమారు నొక్కిన ఒక్కటియే పేలును గనుక దీనిని అర్ధస్వయంచాలకమందురు. 1957లో నిర్మాణమాగునాటికి సుమారు 54 లక్షల తుపాకులు తయారైనవి. 1950ల నాటివానిలో కొన్నిటిని ట్రాక్టర్లు చేయు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీయే చేసెను. ఇన్ని లక్షలకు మూలపురుషుడైన గారండ్ తన హక్కును ప్రభుత్వమునకు వ్రాసియిచ్చి, తుపాకి యొక్కింటికి దమ్మిడీ రాకయే, జీతగాడుగనే పదవి విరమించి 1974లో గతించెను. ఆయనకు లక్ష డాలర్ల బహుమానమీయవలెనని వచ్చిన బిల్లును శాసనసభవారు నెగ్గనీయలేదు. ప్రభుత్వములు పండితులను గౌరవించు తీరు అన్నిచోట్లను నొక్కటియే!

యుద్ధానంతరము ఈ తుపాకులు గ్రీసు, డెన్మార్కు మొదలగు మిత్రదేశములకు బోయి, సైన్యములకు క్రొత్తవి వచ్చిన పిమ్మట అనేకములు తిరిగి వచ్చినవి. పౌరులకు గుఱి నేర్పవలెనను తలంపుతో 1903లోనే ఆ దేశప్రభుత్వ మొక సంఘమును స్థాపించియుండెను. 1996లో ఆ పనిని లాభాపేక్ష లేని యొక సంస్థకు అప్పగించిరి. వయస్సు చాలి, పౌరసత్వముండి, నేరచరిత్ర విచారణలో నెగ్గినవారికి ఈ సంస్థ సైన్యపు గారండ్ తుపాకులను అమ్ముచున్నది. అచ్చటి కేంద్రచట్టమున నింకొక విశేషమున్నది: చేసి ఏబదియేండ్లు నిండిన తుపాకి "వింతవస్తువు లేక పురావశేషము" అను తరగతిలో చేరును, అట్టివానిని సేకరించువారికి ప్రత్యేకమైన లైసెన్సు, కొంత సౌలభ్యము. సేకర్తల వ్యవహారమునకై పుట్టిన ఈ లెక్క కచేరికాగితములలోనే యుండినచో నష్టము లేకపోయెడిది. కాగితముమీది మాట గృహస్థుని మనస్సులో దిగి, అచ్చట అభయపత్రమైనది.

మా బావగారు దుర్మార్గులు కారు. చదువుకొన్నవారు, మితభాషులు, మద్యము ముట్టనివారు. ప్రతి ఆదివారమును తుపాకిని దింపి, దాని వాల్నట్ కొయ్యకు అవిసెనూనె నద్ది, మెత్తని గుడ్డతో అరగంటసేపు రుద్దుదురు. వచ్చిన యతిథులందఱికిని దాని చరిత్ర చెప్పుదురు. ఒకప్పుడు క్లిప్పు నెక్కించుచుండగా బోల్టు ముందునకు దుమికి వారి బొటనవ్రేలిని నలిపెనట. నల్లబడిన గోటిని ఒక బిరుదువలె చూపిరి. ఈ దెబ్బ పూర్వము సిపాయిలకును దగులుచుండెనట. సిపాయికి దగిలిన దెబ్బ తనకు దగిలినంతనే సిపాయికి నేర్పిన శిక్షణ తనకు వచ్చెనని వారెట్లు తలచిరో నేనెఱుగను.

ఒకనాటి మధ్యాహ్నము పెద్దలు బజారునకు బోగా, పదుమూడేండ్ల మేనల్లుడును నేనును ఇంట నుంటిమి. వాడు తుపాకివైపు చూచి, మెల్లగా, "మామయ్యా, అది వట్టిది కాదు" అనెను. కడచిన శరత్కాలమున ఒక స్నేహితుని పొలములో నాన్నగారు నాలుగు గుళ్లు పేల్చిరట, చీకటి పడెనట, తక్కిన నాలుగింటిని తీయుట వారికి రాలేదట. సేఫ్టీ వేసి, అట్లే కారులో తెచ్చి, అట్లే గోడకెక్కించిరట. "తీయు విధము నాకు తెలియును, మామయ్యా. వీడియోలో చూచితిని. ఎడమప్రక్క చిన్నమీట యున్నది. చూపుదునా?" అని వాడు లేచెను. నేను వాని చేయి పట్టుకొని కూర్చుండబెట్టితిని. ఆ మధ్యాహ్నమంతయు మే మిద్దఱము పెరటిలోనే యుంటిమి.

ఆ సంగతి సాయంకాలము బావగారితో ననగా వారు నొచ్చుకొని, "సేఫ్టీ వేసియే యుంచితిని గదా, బావగారూ! ఎనుబదియేండ్లనాటి పురావస్తువది. దానితో ఎవరేమి చేయుదురు?" అనిరి.

పొరుగింట నొక వృద్ధుడు గలడు. యౌవనమున సైన్యములో ఈ తుపాకితోనే శిక్షణ పొందినవాడు. మా చెల్లెలు తానే పోయి ఆయనను పిలుచుకొని వచ్చెను. ఆయన తుపాకిని దింపి, గొట్టమును మనుష్యులు లేని దిక్కునకు త్రిప్పి, ఒక్కమాటయు నాడక ప్రక్కనున్న పిడిని వెనుకకు లాగెను. గదిలోనున్న తూటా ఎగిరి తివాసీమీద పడెను. పిడిని అట్లే పట్టియుంచి, ఎడమప్రక్క మీటను నొక్కగా, మూడు తూటాలతో క్లిప్పు ఆయన యరచేతిలోనికి లేచి వచ్చెను. మా చెల్లెలు తివాసీమీది తూటాను చూచుచు నిలువబడిపోయెను. తొమ్మిదినెలలు ఆమె ఆ గోడక్రిందనే సంధ్యాదీపము పెట్టుచుండెను.

ఈ తుపాకిలో అలవాటులేని చేతికి సగము వాడిన క్లిప్పును తీయుట చిక్కు. ఎనిమిదిని పేల్చినచో అదియే ఖాళీ యగును. నాలిగింటితో ఆపినచో విధము నెఱిగియుండవలెను. ఆ విధము నెఱుగనివాడు దానిని కొన్నాడే గాని దానికి యజమానుడు కాడు. మా బావగారు ఏండ్లతరబడి చేసినది సంరక్షణ మని వారి నమ్మకము. అది విగ్రహమునకు నూనె పూయుట. నిజమైన సంరక్షణమునకు మొదటి మెట్టు బోల్టును తెఱచి గది వట్టిదా యని కంటితో చూచుట, వ్రేలితో తడవి చూచుట. లోపలిని శుభ్రపఱచువాడు ముందు ఖాళీ చేయక తప్పదు. పైపై మెఱుగు పెట్టువానికి ఆ యవసరమే కలుగదు. కావుననే మెఱుగుపెట్టువాని తుపాకి, చూచుటకు ఎంత సొంపైనదో అంత భయంకరమైనది.

ఆ వృద్ధుడు మీటచుట్టునున్న కమ్మిని లాగి, ఏ పనిముట్టును లేకయే తుపాకిని మూడు భాగములుగా విడదీసి బల్లమీద పఱచెను. పైని అద్దమువలె మెఱయుచున్న దాని లోపల గొట్టము త్రుప్పు పట్టియుండెను. కారణ మడుగగా, బావగారు చౌకయని ఎప్పటివో పాత సైనికపు తూటాలు కొనితెచ్చిరని తేలెను. ఆ దేశపు సైన్యమునకు 1950ల ఆరంభమువఱకును చేసిన ఈ జాతి తూటాల మందుపొడిని అంటించు చిటికెడు రసాయనములో నొక క్లోరేటు లవణముండెడిది. అది కాలినపిమ్మట గొట్టమున ఉప్పును మిగుల్చును. ఆ యుప్పు గాలిలోని తేమను లాగికొని ఉక్కును తినును. నూనెలో ఉప్పు కరగదు, నీటిలోనే కరగును. కావున పేల్చిననాడే గొట్టమును నీటితో కడిగి, తుడిచి, ఆరనిచ్చి, పిమ్మట పలుచగా నూనె పూయవలెను. ఇనుమునకు నీరు శత్రువని విన్నవాడు ఈ మాటకు నవ్వును; నూనె మాత్రము పూసి, త్రుప్పును నూనెక్రింద దాచిపెట్టును.

ఇంకను ఎన్నియో చెప్పెను. వాయువు దిగు కొననున్న గొట్టమును పొడిగానే యుంచవలెనట. మా బావగారు దానికిని నూనె పోసియుండిరి. గ్రీజు కావలసినది బోల్టు చెవులకును, కడ్డీ జాఱు గాడికిని. ఈ తుపాకిని వెనుకనుండి శుభ్రపఱచుటకు వీలులేదు. కొననుండియే కడ్డీని దూర్పవలెను. అజాగ్రత్తగా దూర్చినచో కొన అరిగి గుఱి చెడును. వేటకై నేడు అమ్ము బలమైన తూటాలలో కొన్ని దీనికి సరిపడవు. వాని వాయువు వేగమునకు వెనుకకు తన్ను కడ్డీ వంగిపోవచ్చును. ఒంటరితూటాను గదిలో పెట్టి బోల్టును ఒక్కసారిగా విడిచినచో, మీట ముట్టకయే పేలు ప్రమాదము కలదు. లోపలి సూదికి దానిని ఆపు స్ప్రింగు లేదు. చివరి మాట విన్నప్పుడు మా బావగారి ముఖమున రంగు మాఱినది. పాతదగుటచే దీనికి జాగ్రత్త తక్కువ కాదు, ఎక్కువ కావలెను. పురావస్తువను మాట సరిగా దీనికి వ్యతిరేకముగా బోధించుచున్నది.

ఇక వారి వాదములు. ఈ తుపాకితో నేరములు జరుగవని మొదటి వాదము. నాలుగు కిలోలకు పైబడిన బరువు, గజమునకు మించిన పొడవు, ఎనిమిదే తూటాలు. దొంగ దీనిని కోరుకొనడు. ఒప్పుకొందును. కాని గృహస్థుడు భయపడవలసినది దొంగనుగూర్చి మాత్రమేనా? 2021లో ఆ దేశమున తుపాకులవలన 48,830 మంది చనిపోయిరి. వారిలో 26,328 మంది తమ ప్రాణములను తామే తీసికొన్నవారు. సగమునకు మించిన ఈ మరణములకు దొంగ రాలేదు, శత్రువు రాలేదు. దుఃఖములో నున్న మనుష్యుడును, చేతికందిన ఆయుధమును ఒక్క గడియయందు కలిసికొనుటయే జరిగినది. ఆ గడియ దాటినచో బ్రదికి, మనుమలను చూచువారు అనేకులుందురు. ఆ గడియకును ఆయుధమునకును నడుమ నొక తాళముండుట అల్పమైన సంగతి కాదు. ఏ యింటిలోనైనను పరీక్ష తప్పిన పిల్లవాడు, ఉద్యోగము పోయిన తండ్రి, మాట పొసగని కోడలు ఎప్పుడో యొకప్పుడు ఉండకపోరు. ఇది అమెరికా సంగతి మాత్రమే కాదు; మన గోడలమీద తుపాకులు లేనంతమాత్రమున మన బిడ్డల దుఃఖము వేఱుజాతిది కాదు.

రెండవ వాదము: "మా అబ్బాయి బుద్ధిమంతుడు." నేను ఇరువదియేండ్లు పిల్లలకు చదువు చెప్పినవాడను. తుపాకి విప్పు విధమును వీడియోలో నేర్చికొను బిడ్డ మందబుద్ధి కాడు, నిజముగా బుద్ధిమంతుడే. భయమచ్చటనే యున్నది. తనకు తెలియునని చూపవలెనను కోరిక పదుమూడేండ్లవానికి ఆకలివంటిది. ఆ కోరికను దండించి ఫలములేదు. వాని కందనిచోట ఆయుధముంచుట తండ్రి పని. తండ్రి పనిని కొడుకు బుద్ధిమీద మోపుట అన్యాయము.

దొంగ వచ్చిన రాత్రి చేతికందవలెను గదా యనువారును గలరు. మంచిది, అట్లయినచో అది పురావస్తువు కాదని వారే యొప్పుకొన్నట్లు. పైగా ఆ పనికిది తగదు. దాని గుండు సెకనుకు 2,800 అడుగుల వేగముతో పోవును; పలుచని చెక్కగోడలు గల ఆ యిండ్లలో దొంగను దాటి, ప్రక్కగదిని దాటి, పొరుగువాని పడకగదిలో జొరబడగలదు. అతిథికి పురావస్తువు, దొంగకు ఆయుధము, పిల్లవానికి బొమ్మ యని ఒక్కదానికి మూడు పేర్లు పెట్టుకొని, ఎవ్వరడిగిన వారికి ఒక పేరు చెప్పుచు పోవుట నిజాయితీ కాదు. చూచుటకైనచో తూటాలను ఇంటనుండి తీసివేయుడు. గుఱికైనచో తాళము వేసి, పోవునప్పుడు తీయుడు. ఒహాయోలోనే ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ యను చోట 1907 నుండి జాతీయమైన గుఱిపోటీలు నడచుచున్నవి. అచ్చట ఈ తుపాకికే ప్రత్యేకమైన పోటీ గలదు. దానికి తగిన స్థలమది. పొయ్యిగూటి పైభాగము కాదు.

చట్టము సాయపడునా యందురేమో. 2005లో వచ్చిన కేంద్రచట్టము వ్యాపారి చేతితుపాకి నమ్మునప్పుడు తాళము నీయవలెననెను గాని, రైఫిలు మాట యెత్తలేదు. ఈ తుపాకి పుట్టిన మసాచుసెట్స్ మాత్రము 1998 నుండియే ఇంటనున్న ప్రతి తుపాకికిని తాళముండవలెనని శాసించినది. అన్ని రాష్ట్రములును అట్లు చేయువఱకు కాచియుండుట గృహస్థునకు చెల్లదు. వంటయింటి కత్తిని పసిబిడ్డకు అందకుండ పెట్టుమని మనకే చట్టము చెప్పినది?

మా చెల్లెలి యింట దసరానాడు ఈ తుపాకికి కుంకుమబొట్టు పెట్టి ఆయుధపూజ చేసిరట. ఆ ఛాయాచిత్రమును చూచితిని. లోపల నాలుగు తూటాలుండగనే పూజ జరిగినది. పూజను నేను గేలిచేయను. కాని ఆ పండుగకు మూలముగా చెప్పుకొను జమ్మిచెట్టు కథను వారు చిన్ననాడు విన్నట్లు లేదు. విరాటనగరము చేరబోవుచు పాండవులు చేసినదేమి? ముందు వింటినారులను విప్పిరి. ఊరిలోనికి ఆయుధములతో పోలేదు. శ్మశానముదగ్గఱ ఎక్కుటకు కష్టమైన చెట్టును వెదకి, నకులుని ఎక్కించి, వాననీరు తగులని తావున వానిని కట్టించిరి. ఎవ్వరును దరిజేరకుండ శవమును గూడ కట్టి, అది నూటయెనుబదియేండ్ల తమ తల్లియని పసులకాపరులతో చెప్పిరి. ఏడాదికి పిమ్మట ఉత్తరకుమారుడు కట్టు విప్పినప్పుడు అవి తళతళలాడుచుండెను. నారి విప్పుట, తేమ తగులకుండ నుంచుట, పరులకందకుండ దాచుట: ఆ వృద్ధసిపాయి బల్లమీద చూపినదంతయు అందున్నది. గాండీవము అర్జునునకు తుపాకికంటె తక్కువ ప్రియమైనదా? ఆయనయు దానిని విరాటుని సభలో గోడకు దగిలించి కథలు చెప్పవచ్చునే!

ఇట్టివానినన్నిటిని కరగించి పాఱవేయవలెనని మన దేశమున కొందఱు మిత్రులందురు. వారితోడను నేను ఏకీభవింపను. ఒక కార్మికుని బుద్ధికౌశలమది. విప్పి చూచినప్పుడు నాకును ముచ్చట గలిగినది. కొందఱు సేకర్తలు కొయ్యను ఇసుకకాగితముతో రుద్ది, ఆయుధశాలవా రొత్తిన ముద్రలను చెఱిపి క్రొత్తదానివలె చేయుచున్నారట. అదియు నాకు రుచింపదు. ఉంచుకొనుడు, తెలిసికొనుడు, విప్పుడు, కడుగుడు, తాళమువేయుడు. ఇంత పాటు కష్టమనువారు అమ్మివేయుడు.

నేను తిరిగివచ్చిన రెండునెలలకు బావగారు ఉక్కుబీరువా కొనిరి. పలకమీది ఎనిమిది తూటాలకు బదులు మందులేని నమూనాలను పెట్టిరి. ఆ వృద్ధునివద్ద విప్పుట, కూర్చుట నేర్చికొని, గొట్టమును ఎట్లు కడిగితిరో నాకు దీర్ఘముగా వ్రాసిరి. సంతోషించితిని. మొన్న ఫోనులో మాటలాడుచు మా చెల్లెలు, బీరువా తాళపుచెవి వంటయింటి మేకునకే వ్రేలాడుచున్నదని చెప్పినది. దానిని గూర్చి బావగారికి మరల వ్రాసితిని. ప్రత్యుత్తర మింకను రాలేదు.